కాదనే మాట ఎవరు చెప్పాలి?

పెళ్లిచూపుల చుట్టూ అల్లిన హిందీ ప్రేమకథలు మనల్ని కడుపుబ్బా నవ్వించాయి. ఆ నవ్వుల అడుగున ఒకటే చిక్కుముడి ఉంది. 'తను వెడ్స్ మను' దాన్ని ధైర్యంగా చేతిలోకి తీసుకున్న సినిమా.

కాన్పూర్‌లో త్రివేదీ గారి ఇల్లు. హాల్లో రెండు కుటుంబాల పెద్దలు కూర్చున్నారు. లండన్‌లో డాక్టరుగా పనిచేస్తున్న మనోజ్ శర్మ, ఇంట్లోవాళ్లకు మను, పెళ్లిచూపులకు వచ్చాడు. ఎంతసేపైనా అమ్మాయి రాదు. ఒంట్లో బాగాలేదని తల్లి సర్దిచెబుతుంది. చివరికి అబ్బాయినే మేడమీది గదికి పంపిస్తారు. అక్కడ తనూజా త్రివేది, ఇంట్లోవాళ్లకు తను, ఒళ్లెరగని నిద్రలో ఉంటుంది. మను ఆమెను చూస్తాడు. ఒక ఫొటో తీసుకుంటాడు. కిందికి దిగి వచ్చి, తనకు ఇష్టమేనని చెప్పేస్తాడు.

2011 ఫిబ్రవరి 25న విడుదలైన ఈ సినిమాలో అసలు కథంతా ఈ గదిలోనే పుట్టింది. పెళ్లిచూపులు తప్పించుకోవాలని అమ్మాయి కావాలనే నిద్రమాత్రలు మింగిందని మనకు తర్వాత తెలుస్తుంది. అంటే ఆమె కాదనే చెప్పింది. నోటితో చెప్పే వీలు లేక ఒంటితో చెప్పింది. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ పట్టలేదు. నిద్రపోతున్న మనిషిని చూసి అబ్బాయి ఔనన్నాడు, పెద్దలు మిఠాయి పంచుకున్నారు. అక్కడినుంచి రెండు గంటలపాటు మనం చూసేదంతా, ఆ అమ్మాయి మాట ఆ అబ్బాయి చెవికి చేరే ప్రయాణం.

దర్శకుడు ఆనంద్ ఎల్. రాయ్, రచయిత హిమాంశు శర్మ ఈ చిక్కును విప్పిన తీరు నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. రైలు ప్రయాణంలో తను మొదటిసారి మనుతో ఏకాంతంగా మాట్లాడుతుంది. తాను వేరొకరిని ప్రేమిస్తున్నానని, అతని పేరు పచ్చబొట్టు కూడా పొడిపించుకున్నానని చెబుతుంది. నువ్వే నన్ను వద్దను, అంటుంది. మనసిచ్చేసిన మనిషి ఆ మాట విని ఏం చేస్తాడు? వాదించడు. బతిమాలడు. వెళ్లి, సంబంధం తనకే ఇష్టం లేదని పెద్దలకు చెబుతాడు. ఆమె మోయాల్సిన నిందను తన నెత్తిన వేసుకుంటాడు. హిందీ సినిమా కథానాయకులు ప్రేమ కోసం పర్వతాలెక్కారు, గూండాలను చితకబాదారు, రైళ్ల వెంట పరుగెత్తారు. వాటన్నిటికన్నా ఈ చిన్న అబద్ధమే గొప్ప ప్రేమకార్యమని నా నమ్మకం.

కబురు చేస్తాం

ఆ అబద్ధం విలువ తెలియాలంటే పెళ్లిచూపులు జరిగిన ఇంట్లో ఆ తర్వాతి వారం ఎలా గడుస్తుందో తెలిసి ఉండాలి. తెలుగువాళ్లకు అది వేరే చెప్పక్కర్లేదు.

అబ్బాయివాళ్లకు నచ్చకపోతే తేలిక. బజ్జీలు, స్వీటు, కాఫీ అయ్యాక 'ఇంటికెళ్లి కబురు చేస్తాం' అని లేస్తారు. ఆ కబురు రాదు. నాలుగు రోజులు చూసి అమ్మాయి తండ్రి మధ్యవర్తికి ఫోన్ చేస్తాడు. 'జాతకాలు కుదరలేదండీ' అంటాడు మధ్యవర్తి. లేదంటే, 'అబ్బాయి ఇంకో రెండేళ్లు ఆగుతానంటున్నాడు' అంటాడు. అబద్ధమని రెండువైపులా తెలుసు. అయినా ఆ మాట మర్యాదగా అటునుంచి ఇటు వచ్చి చేరుతుంది. అబ్బాయికి పోయేదేమీ లేదు. వచ్చే ఆదివారం మరో ఇంట్లో మరో కాఫీ తాగుతాడు.

అమ్మాయికి నచ్చకపోతే? ముందు అమ్మ అడుగుతుంది, 'ఏం తక్కువే అతనికి?' అని. పిన్ని వచ్చి పక్కన కూర్చుని, 'పెళ్లయ్యాక అవే సర్దుకుంటాయి, మేమంతా ఇలాగే చేసుకోలేదూ?' అంటుంది. నాన్న ఏమీ మాట్లాడడు, ఆ మౌనమే పెద్ద ఒత్తిడి. రెండో సంబంధం కూడా వద్దంటే ఇంట్లో గొంతులు తగ్గుతాయి. 'దీని మనసులో ఎవరైనా ఉన్నారేమో కనుక్కోండి' అని మేనత్త మెల్లగా అంటుంది. మూడోసారికి ఆ మాట గడప దాటుతుంది. చుట్టాల్లో చెల్లెలి సంబంధం మాటకొచ్చినప్పుడు కూడా అక్క వద్దన్న సంబంధాల లెక్క బయటికొస్తుంది. ఒకే మాట. అబ్బాయి అంటే అభిప్రాయం, అమ్మాయి అంటే నేరం.

చట్టం దగ్గర ఈ తేడా లేదు. 1955 నాటి హిందూ వివాహ చట్టం ప్రకారం, బలవంతంగానో మోసంతోనో సమ్మతి తీసుకుని చేసిన పెళ్లిని కోర్టులో రద్దు చేయించుకోవచ్చు. కానీ ఏ అమ్మాయి మేనత్త మీద కేసు వేస్తుంది? ఏ సెక్షన్ కిందికి వస్తుంది తండ్రి మౌనం? 2011-12లో దేశమంతటా జరిపిన భారత మానవాభివృద్ధి సర్వేలో, భర్తను పూర్తిగా తామే ఎంచుకున్నామని చెప్పిన మహిళలు సుమారు 5 శాతం. 'తను వెడ్స్ మను' వచ్చింది కూడా దాదాపు ఆ రోజుల్లోనే. మిగిలినవాళ్లంతా బలవంతపు పెళ్లిళ్లు చేసుకున్నారని కాదు. చాలామందిని ఇంట్లోవాళ్లు అడిగే చేశారు. అడిగినప్పుడు వద్దనే అవకాశం వాళ్లకు నిజంగా ఎంత ఉందన్నదే నా సందేహం.

అందుకే ఇష్టం లేని అమ్మాయిలు ఆ మాటను అప్పు తెచ్చుకుంటారు. జాతకం దగ్గర, ఉద్యోగం దగ్గర, పైచదువు దగ్గర. ఎవరి దగ్గరా దొరక్కపోతే, చూడటానికి వచ్చిన అబ్బాయి దగ్గరే.

రాజ్ చెయ్యలేనిది

హిందీ సినిమా ఈ దారికి రావడానికి చాలా కాలం పట్టింది. 1995లో 'దిల్‌వాలే దుల్హనియా లే జాయేంగే' వచ్చింది. కథానాయిక సిమ్రన్‌కు తండ్రి కుదిర్చిన పెళ్లి ఇష్టం లేదు. ఆ సంగతి ఆమె తల్లికి తెలుసు, చెల్లెలికి తెలుసు, మనందరికీ తెలుసు. కూతుర్ని తీసుకుని వెళ్లిపొమ్మని తల్లే బతిమాలినా ప్రియుడు రాజ్ ఒప్పుకోడు. తండ్రి మనసు గెలుచుకునే తీసుకెళతానంటాడు. ఆఖరికి తండ్రి చెయ్యి వదిలితేనే కూతురు కదిలే రైలు వైపు పరుగెత్తుతుంది. ఆ సన్నివేశానికి నేనూ కరిగిపోయినవాడినే. కానీ ఆ సినిమాలో ఔను, కాదు రెండూ తండ్రి సొత్తు. ప్రేమికులు ఆయన్ని ఒప్పించగలరు, అంతే.

2008లో 'రబ్ నే బనా దీ జోడీ' మరో కోణం చూపించింది. పెళ్లికొడుకు ప్రమాదంలో పోయాడు, తండ్రి మరణశయ్య మీద ఉన్నాడు. ఆయన అడిగాడు కాబట్టి కూతురు తానీ తలూపింది. ఎదురుగా ప్రాణం పోతున్న మనిషి ఉండగా ఎవరు కాదనగలరు? మిగతా సినిమా అంతా భర్త మీసం తీసేసి, వేషం మార్చి, పెళ్లాం మనసు గెలుచుకునే తతంగం. భర్తగా షారుఖ్ ఖాన్ పడే కష్టమంతా ఆమె ఎన్నడూ నిజంగా చెప్పని ఔను కోసమే.

అసలు మలుపు 2005లోనే వచ్చింది, చాలామంది గమనించలేదు. ఇంతియాజ్ అలీ దర్శకుడిగా తొలి చిత్రం 'సోచా నా థా'. అభయ్ డియోల్‌కు కూడా అదే మొదటిది. వీరేన్, అదితి పెళ్లిచూపుల్లో కలుస్తారు. ఇద్దరికీ ఆ పెళ్లి అక్కర్లేదు. మాట్లాడుకుని, కాదనే పని అబ్బాయి మీద పెట్టుకుంటారు. వీరేన్ వద్దంటాడు. దాంతో అమ్మాయివాళ్లు అవమానపడతారు, రెండు కుటుంబాలకూ మాటలు పోతాయి. తర్వాత వీళ్లిద్దరికీ నిజంగా ప్రేమ పుట్టేసరికి, సరదాగా చెప్పిన ఆ మాటే గోడై అడ్డం నిలుస్తుంది. వద్దన్న మాటకు కూడా ఖరీదు ఉంటుందని, అది ఎవరి దగ్గర తెచ్చుకున్నా ఎప్పుడో ఒకప్పుడు తీర్చక తప్పదని చెప్పిన తొలి హిందీ హాస్యప్రేమకథల్లో అదొకటి. పెద్ద తారలు లేరు, ఆర్భాటం లేదు. దొరికితే చూడండి.

కాన్పూర్ నుంచి కపుర్తలాకు

'తను వెడ్స్ మను'లో ఊళ్లు అలంకారానికి పెట్టినవి కావు. గంగ ఒడ్డున తోళ్ల పరిశ్రమ, మూతబడ్డ బట్టల మిల్లులు ఉన్న కాన్పూర్‌లో పుట్టిన అమ్మాయికి ఢిల్లీలో చదువుకున్న స్వేచ్ఛ ఒంటబట్టింది. ఇంటికొచ్చాక ఆ స్వేచ్ఛను పెట్టుకునే చోటు లేదు. సిగరెట్టు, మందు, రోజుకో ప్రియుడనే పుకారు, ఎవరు ఏది వద్దంటే అదే చేసే మొండితనం, ఇవన్నీ ఆ ఇరుకులోంచి వచ్చినవే. కంగనా రనౌత్‌ను అంతకుముందు 'గ్యాంగ్‌స్టర్', 'ఫ్యాషన్' లాంటి సినిమాల్లో కన్నీళ్ల పాత్రల్లో చూశాం. తెలుగులో 2009లో ప్రభాస్ పక్కన 'ఏక్ నిరంజన్'లో కనిపించింది. ఇలా నవ్విస్తుందని, చిరాకు పెట్టిస్తుందని, ఆ చిరాకులోనే ప్రేమ పుట్టిస్తుందని ఎవరూ ఊహించలేదు.

మను పాత్రకు మాధవన్‌ను ఎంచుకోవడంలో తెలివి ఉంది. 'సఖి' రోజుల్లో బైకు మీద తిరుగుతూ అమ్మాయిల గుండెలు కొల్లగొట్టిన కుర్రాడు ఇక్కడ కాస్త ఒళ్లు చేసి, కళ్లలో అలసటతో, గొంతెత్తకుండా మాట్లాడతాడు. ఆ గొంతెత్తకపోవడమే తనుకు మొదట చప్పగా తోస్తుంది. తర్వాత అదే ఆమెను ఆపుతుంది.

చుట్టూ ఉన్నవాళ్లు లేకపోతే ఈ కథ నిలబడేది కాదు. పప్పీగా దీపక్ డోబ్రియాల్ ప్రతి సన్నివేశంలోనూ స్నేహితుడి దుఃఖాన్ని తన నోటితో వాగేస్తుంటాడు. మను మింగేసిన మాటలన్నీ అతని నోట్లోంచే బయటికొస్తాయి. తను ప్రియుడు రాజా అవస్థీగా జిమ్మీ షేర్‌గిల్ తుపాకీ పట్టుకున్న గల్లీ నాయకుడు. అయినా అతనిలో ఒక మర్యాద ఉంది, ఆ మర్యాదే చివర్లో కథను కాపాడుతుంది. స్వరా భాస్కర్ చేసిన పాయల్ బిహారీ అమ్మాయి, చేసుకునేది సర్దార్జీని. వాళ్ల పెళ్లికోసమే అందరూ పంజాబ్‌లోని కపుర్తలాకు చేరతారు. తను పాయల్ స్నేహితురాలు, మను పెళ్లికొడుకు స్నేహితుడు. కాదని విడిపోయినవాళ్లు మళ్లీ ఒకే పందిట్లో తేలతారు.

ఆ పెళ్లి ఇల్లు చూడండి. ఆడవాళ్లు గుంపుగా కూర్చుని డోలు వాయిస్తుంటారు, పాత పాటలకు ఆడుతుంటారు. 1968 నాటి 'కిస్మత్' సినిమాలో ఓపీ నయ్యర్ కట్టిన, ఆశా భోంస్లే, షంషాద్ బేగం కలిసి పాడిన పాట ఇందులో మళ్లీ మోగి కొత్త తరం పెళ్లిళ్లలోకి దూకింది. కృష్ణా సోలో బాణీలకు బిహార్ నుంచి వచ్చిన రాజ్‌శేఖర్ తన తొలి సినిమా పాటలు ఇందులోనే రాశాడు. ఉత్తరాది పెళ్లి బరాత్‌లలో ఇందులోని పంజాబీ పాట ఇప్పటికీ వినిపిస్తుంది.

జేబులో కలం

నాకు ఈ సినిమాలో అన్నిటికన్నా ఇష్టమైన చోటు పెళ్లి హంగామాలో లేదు, రిజిస్ట్రారు ఆఫీసులో ఉంది. తను, రాజా రిజిస్టర్ పెళ్లికి వస్తారు. మను సాయానికి వస్తాడు. తాను ప్రేమించిన అమ్మాయి మరొకరిని చేసుకుంటుంటే దగ్గరుండి జరిపించడానికి వచ్చాడు. సంతకం పెట్టే వేళకు కలం లేదు. ఎవరి దగ్గరైనా ఉందా అని అడుగుతారు. మను దగ్గర ఉంది. ఇవ్వడు. ఆ పూటకు పెళ్లి ఆగిపోతుంది. ఆ కలం సంగతి తను కంటబడుతుంది.

అంతవరకూ ఈ మనిషిని మనం త్యాగమూర్తిగా చూస్తూ వచ్చాం. కాదన్న నింద మోశాడు, ఆమె ప్రియుణ్ని ఒప్పుకోమని పెద్దల దగ్గరికి రాయబారం కూడా వెళ్లాడు. అలాంటివాడి జేబులో కలం కనబడగానే అతనికీ ఒక కోరిక ఉందని తనుకు మొదటిసారి తెలుస్తుంది. నన్ను అర్థం చేసుకునే మనిషి, నాకోసం అన్నీ వదులుకునే మనిషి, నన్ను వదులుకోలేకపోతున్నాడు. అతని మంచితనానికి ఆమె కరగలేదు. అతని చిన్న స్వార్థానికి కరిగింది. ప్రేమకథ రాసేవాళ్లు ఈ సన్నివేశాన్ని పాఠంలా చదువుకోవచ్చు. పూర్తిగా మంచివాడైన మనిషిని గౌరవిస్తాం, ప్రేమించడానికి అతనిలో ఎక్కడో ఒక పట్టు దొరకాలి.

ఇక్కడే ఒక మాట గట్టిగా చెప్పాలి. నిద్రపోతున్న అమ్మాయిని అడగకుండా ఫొటో తీసుకోవడాన్ని సినిమా ముద్దుగా చూపించింది. 2011లో మనమూ ముద్దుగానే చూశాం. ఇవాళ నా పక్కన కూర్చుని ఓ ఇరవై ఏళ్ల అమ్మాయి ఆ సన్నివేశం చూస్తే ఇబ్బంది పడుతుంది, పడాలి కూడా. ఇంకో లోటు ఇంతకన్నా పెద్దది. మనుకు ఏం కావాలో మనకు స్పష్టంగా తెలుసు, రాజాకు ఏం కావాలో తెలుసు. తనుకు ఏం కావాలో సినిమా అడగడం మరిచిపోయింది. ఆమె ఎవరిని చేసుకోవాలన్నదే ప్రశ్నగా మిగిలింది. చదువుకున్న పిల్ల, ఉద్యోగం గురించి ఒక్క ఆలోచన ఉండదు. ఇద్దరు మగాళ్లు రెండు బరాత్‌లతో గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాక, రాజా పక్కకు తప్పుకుంటేనే ఆమె ఎంపిక నెరవేరుతుంది. కాదనే మాట ఆమె నోటికి చేరింది. దాన్ని చెల్లుబాటు చేసే అధికారం మాత్రం ఇంకా తుపాకీ పట్టిన చేతిలోనే ఉంది.

దత్తో వచ్చింది

ఈ లోటు తీర్చింది రెండో భాగం. 2015 మే 22న వచ్చిన 'తను వెడ్స్ మను రిటర్న్స్', పెళ్లయిన నాలుగేళ్లకు లండన్‌లో ఓ మానసిక చికిత్సాలయంలో మొదలవుతుంది. భార్యాభర్తలిద్దరూ వైద్యుల ముందు కూర్చుని ఒకరి మీద ఒకరు నిప్పులు కక్కుతుంటారు. మొదటి భాగంలో మనం చప్పట్లు కొట్టి చేసిన పెళ్లి అది. కుదరని జంటను ప్రేమ పేరుతో ముడేస్తే ఏమవుతుందో చూపించడానికి దర్శకుడు తన సొంత విజయాన్నే బల్లమీద పెట్టి కోశాడు. ఇది చిన్న సాహసం కాదు.

తను కాన్పూర్ పుట్టింటికి వచ్చేస్తుంది. మనుకు ఢిల్లీలో అచ్చం తనులాగే ఉన్న కుసుమ్ కనబడుతుంది. అందరూ దత్తో అని పిలుస్తారు. హర్యానా పల్లెనుంచి క్రీడల కోటాలో ఢిల్లీ యూనివర్సిటీకి వచ్చిన అథ్లెట్. పొట్టి జుట్టు, గరుకు యాస, సూటి చూపు. కంగనా రెండు పాత్రల్నీ ఎంత వేరుగా చేసిందంటే, కాసేపటికి ఇద్దరిదీ ఒకే ముఖమని మనం మరిచిపోతాం. ఆ ఏడాదికి జాతీయ ఉత్తమ నటి పురస్కారం ఆమెకు వచ్చింది.

హర్యానా అంటే కులం, గోత్రం, ఊరి పరువు పేరిట ప్రేమికుల ప్రాణాలు తీసిన ఘటనలు పత్రికల్లో చదివిన నేల. ఇద్దరు మేజర్ల పెళ్లిలో ఖాప్ పంచాయతీలు తలదూర్చడం చట్టవిరుద్ధమని 2018లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. అలాంటి చోట మనుతో దత్తో ఇష్టపడ్డ పెళ్లికి ఆమె అన్న అండగా నిలబడి, ఊరి పెద్దలకు ఎదురు మాట్లాడతాడు. హాస్యసినిమా మధ్యలో వచ్చే ఆ కాస్త కోపం నన్ను కదిలించింది. ఇంట్లో ఒక్క మనిషి అటువైపు నిలబడితే చాలు, అమ్మాయి గొంతు వంద రెట్లు పెరుగుతుంది.

ఆపైన అగ్ని చుట్టూ తిరుగుతుండగా దత్తో ఆగిపోతుంది. పక్కనున్నవాడి మనసు ఇంకా పాత భార్య దగ్గరే ఉందని గ్రహించి, తనే పెళ్లి ఆపేస్తుంది. ఎవరి దగ్గరా మాట అప్పు తెచ్చుకోదు. తన నోటితో, ఊరందరి ముందు చెబుతుంది. తర్వాత ఒంటరిగా ఏడుస్తుంది కూడా. అయినా ఆమెను చూసి జాలిపడాలనిపించదు. ఆమెకు పరుగు ఉంది, డిగ్రీ ఉంది, తన కాళ్లమీద తాను నిలబడతానన్న ధీమా ఉంది. తనుకు లేనివి అవే. ఆ సినిమా అయ్యాక జనం తలచుకున్నది కలిసిపోయిన తను, మనులను కాదు. దత్తోని. నూరు కోట్లు దాటిన వసూళ్లలో పెద్ద భాగం ఆ పిల్లదేనని నా లెక్క.

అదే ఏడాది ఫిబ్రవరిలో శరత్ కటారియా తీసిన 'దమ్ లగా కే హైశా' వచ్చింది. 1995 నాటి హరిద్వార్. పదో తరగతి తప్పిన ప్రేమ్ తండ్రి మాటకు తలొంచి, బీఎడ్ చదివిన, ఒళ్లున్న సంధ్యను సామూహిక వివాహంలో చేసుకుంటాడు. అతను పెళ్లిచూపుల్లో చెప్పాల్సిన మాటను పెళ్లయ్యాక, తాగిన మైకంలో, స్నేహితుల ముందు చెబుతాడు. భార్య శరీరాన్ని తిడతాడు. సంధ్య లాగి చెంప మీద కొడుతుంది. పుట్టింటికి వెళ్లి విడాకులు అడుగుతుంది. కోర్టు ఆరు నెలలు కలిసి ఉండమంటుంది. ఇక్కడ గమనించాల్సింది అబ్బాయి పరిస్థితి. ఇష్టం లేదనే స్వేచ్ఛ మగపిల్లలకు ఉందని పైన రాశాను. ప్రేమ్‌లాంటి కొడుకులకు, సంపాదన లేక తండ్రి నీడలో బతికేవాళ్లకు, అదీ ఉండదు. తండ్రిని ఎదిరించలేని కోపమంతా భార్య మీదికి మళ్లుతుంది. కాదనలేని మగాడు ఇంట్లో ఎంత క్రూరంగా మారతాడో ఇంత ప్రేమగా, ఇంత నిజాయతీగా చూపించిన సినిమా మరొకటి నాకు గుర్తుకు రావడం లేదు. సంధ్యగా నటించిన, యశ్‌రాజ్ సంస్థలో నటుల ఎంపిక విభాగంలో పనిచేసిన భూమి పెడ్నేకర్‌కు అదే మొదటి సినిమా. దానికి జాతీయ ఉత్తమ హిందీ చిత్రం పురస్కారం దక్కింది.

వీటి మధ్యే 2013లో 'శుద్ధ్ దేశీ రొమాన్స్' వచ్చి వెళ్లింది. జైపూర్‌లో ఒకసారి పెళ్లికొడుకు మండపం నుంచి పారిపోతాడు, ఇంకోసారి పెళ్లికూతురు. సరదాగా ఉంటుంది, లోతుకు పోదు. 2018లో ఆనంద్ రాయ్ నిర్మాణ సంస్థ నుంచే వచ్చిన 'మన్‌మర్జియాఁ' మాత్రం గట్టిది. 'ఝుమ్మంది నాదం'తో మన దగ్గరే తెరకెక్కిన తాప్సీ ఇందులో అమృత్‌సర్ అమ్మాయి రూమీ. ప్రియుడు పెద్దల్ని తీసుకొస్తానని ప్రతిసారీ మాట తప్పుతాడు. లండన్ నుంచి వచ్చిన రాబీని చేసుకుంటుంది. మను, తను కథే ఇంకోసారి రాసుకున్నట్టు ఉంటుంది, ఒక్క తేడాతో. ఈ జంట పెళ్లి రద్దు చేసుకున్నాక, ఇంటికి నడిచి వెళ్తూ మొదటిసారి ఒకరికొకరు అన్నీ చెప్పుకుంటారు. పెళ్లిచూపుల్లో జరగాల్సిన సంభాషణ రద్దు కాగితాల మీద సంతకాలయ్యాక జరుగుతుంది.

మన వైపు

'తను వెడ్స్ మను' తెలుగులోకి 2013లో 'మిస్టర్ పెళ్లికొడుకు'గా వచ్చింది. సునీల్, ఇషా చావ్లా నటించారు, దేవీప్రసాద్ దర్శకుడు. హిందీ సినిమా ప్రాణం దక్కలేదు. కారణం నటులు కాదు. కాన్పూర్ పిల్ల మొండితనం వెనక కాన్పూర్ ఉంది. కథను తెచ్చుకున్నాం, ఆ ఊరిని తేలేం, దాని స్థానంలో మన ఊరిని కూర్చోబెట్టలేదు. మన ఇళ్లలో తిరుగుబాటు సిగరెట్టుతో మొదలవదు. 'ఎంఎస్‌కి అప్లై చేశాను నాన్నా' అనే మాటతో మొదలవుతుంది.

ఆ సంగతి పట్టుకున్నవాడు తరుణ్ భాస్కర్. 2016లో వచ్చిన 'పెళ్లి చూపులు'లో అబ్బాయివాళ్లు అసలు వేరే ఇంటికి వచ్చేస్తారు. గదిలోకి వెళ్లిన ఇద్దరూ తలుపు పడిపోయి లోపల చిక్కుకుంటారు. బయట పెద్దలు కంగారు పడుతుంటే, లోపల చిత్ర తన గతం చెబుతుంది, ప్రశాంత్ తన వైఫల్యాలు చెబుతాడు. పెళ్లి చేసుకునే ఉద్దేశం తనకు లేదని ఆమె మొహమాటం లేకుండా అనేస్తుంది. ఆమెకు ఫుడ్‌ట్రక్ కావాలి, సొంత వ్యాపారం కావాలి. తనూజా త్రివేదిని అడగడం మరిచిపోయిన ప్రశ్నకు చిత్ర దగ్గర ముందే జవాబుంది. ఆ సంభాషణల రచనకూ, ఉత్తమ తెలుగు చిత్రంగానూ జాతీయ పురస్కారాలు వచ్చాయి. రెండేళ్లకు దాన్ని హిందీలో 'మిత్రోఁ'గా తీశారు, గుజరాత్ నేపథ్యంలో. ఈసారి కథ ఇటునుంచి అటు వెళ్లింది.

అయినా నాకొక వెలితి ఉంది. 'పెళ్లి చూపులు'లో కూడా చిత్ర తన మాట మూసిన తలుపు వెనక చెబుతుంది. దత్తో అందరి ముందూ చెబుతుంది కానీ, అప్పటికే అగ్ని వెలిగింది, పందిరి పడింది, ఊరు భోజనాలకు కూర్చుంది. ఇంకా ముందే, కాఫీ కప్పులు ఖాళీ కాకముందే ఆ మాట వినాలని ఉంది. కాకినాడలోనో కరీంనగర్‌లోనో ఓ హాలు. అబ్బాయి మంచివాడే, ఉద్యోగమూ మంచిదే. అమ్మాయి అందరి ఎదుటా, గొంతు వణక్కుండా, 'నాకిష్టం లేదండీ' అంటుంది. అబ్బాయి తల్లి ఒక్క క్షణం ఆగి, 'సరేనమ్మా' అంటుంది. అమ్మాయి తండ్రి తలదించుకోడు. ఎవరూ జాతకాల ప్రస్తావన తేరు. ఆ ఒక్క సన్నివేశంతో మొదలై, ఆ ఇద్దరూ తర్వాత ఎక్కడ ఎలా కలుసుకున్నా సరే, కలుసుకోకపోయినా సరే, మన యువ రచయితలెవరైనా ఆ కథ రాయాలి. మొదటి ఆటకే టికెట్టు కొంటాను.